చిప్పు బాగానే ఉంది, దారే తెగింది: పాత గేమ్ కార్ట్రిడ్జుల రిపేరు డైరీ

శనివారం: పెట్టె విప్పాక

"పనిచేయవు" అని చీటీ అంటించి అమ్మిన పాత గేమ్ కార్ట్రిడ్జుల పెట్టె ఇవాళ చేతికొచ్చింది. నింటెండో కంపెనీ పాత గేమ్ కన్సోళ్ళకి పెట్టే ఆట డబ్బాలివి. టీవీకి తగిలించే ఎన్‌ఈఎస్‌వి, సూపర్ నింటెండోవి, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్‌వి కలగాపులగంగా ఉన్నాయి. కొన్నిటికి లేబుల్ చిరిగింది. ఒకదాని పెంకు మీద నీళ్ళ చార ఉంది. ఒకదాన్ని ఎవరో మామూలు స్క్రూడ్రైవర్‌తో బలవంతంగా తెరవబోయి, కుదరక వదిలేశారు. చూడ్డానికి దయనీయంగానే ఉన్నాయి కానీ నాకు పెద్ద దిగులు లేదు. ఇలాంటి పెట్టెల్లో అసలు చిప్పే పోయినవి తక్కువ.

దానికో కారణం ఉంది. ఆ కాలపు ఆటలు దాదాపు అన్నీ మాస్క్ రోమ్‌లో ఉంటాయి. ఫ్యాక్టరీలో చిప్పు తయారయ్యేటప్పుడే డేటా దాని నిర్మాణంలో కలిసిపోతుంది. విద్యుత్ ఛార్జి రూపంలో దాచింది కాదు కనుక ఏళ్ళ తరబడి కారిపోయేది ఏమీ ఉండదు. గాజు కిటికీ పెట్టి, అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్ళీ రాసుకునే ఈప్రోమ్‌ల సంగతి వేరు, వాటికి ఆ భయం ఉంది. అమ్మకానికి వచ్చిన మామూలు కార్ట్రిడ్జుల్లో మాత్రం నేను అనుమానించేది దారినే. అంచున ఉన్న బంగారు పూత కాంటాక్టులు, అక్కణ్ణించి చిప్పుకి పోయే సన్నటి రాగి గీతలు, చిప్పు కాళ్ళని బోర్డుకి అతికే సోల్డర్ లోహం, ఆట ఎంతవరకు ఆడామో దాచే సేవ్ కోసం పెట్టిన బ్యాటరీ. ఇవన్నీ చూశాకే చిప్పు మీద నింద.

తెచ్చీ తేగానే దేన్నీ కన్సోల్‌లో పెట్టలేదు. నీళ్ళు తగిలిన బోర్డులో కరెంటు కాంటాక్టుకీ గ్రౌండ్‌కీ మధ్య షార్ట్ ఉంటే దెబ్బతినేది కన్సోల్. ముందు మల్టీమీటర్‌తో ఆ రెండిటి మధ్య చూడాలి. గేమ్ బాయ్‌లో ఇది చాలా తేలిక, 32 కాంటాక్టుల్లో మొదటిది 5 వోల్టులు, చివరిది గ్రౌండ్. అదృష్టంకొద్దీ దేంట్లోనూ షార్ట్ లేదు.

తెరవడానికి ఈ ప్రత్యేక స్క్రూలకి సరిపోయే స్క్రూడ్రైవర్ మొన, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ కావాలి. కన్సోళ్ళకి వాడే 4.5 దీనికి పట్టదు. ప్లాస్టిక్ పెన్ను గొట్టాన్ని వేడిచేసి స్క్రూ మీద నొక్కితే అచ్చు పడుతుందని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది. ఒకటి రెండు సార్లు పనికొస్తుందేమో కానీ, కరిగిన ప్లాస్టిక్ స్క్రూ గాడుల్లో ఇరుక్కుంటే తర్వాత అసలు బిట్ కూడా పట్టదు. బిట్ కొనుక్కోవడమే మేలు. మూసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. స్క్రూని ముందు వెనక్కి తిప్పాలి. పాత మరలో "టక్" మని కూర్చున్నాక అప్పుడు బిగించాలి. లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుపోయి, కొన్నాళ్ళకి ఏదీ పట్టదు.

శనివారం రాత్రి: మురికి

ముందు సులువైనవి. గేమ్ బాయ్ టెట్రిస్ పెట్టి ఆన్ చేస్తే లోగో రావలసిన చోట నల్లటి దిమ్మె దిగి ఆగిపోయింది.

దీని వెనక సంగతి నాకు భలే ఇష్టం. గేమ్ బాయ్ ఆన్ కాగానే పైనుంచి కిందికి దిగే నింటెండో లోగోని కన్సోల్ తన దగ్గరున్న బొమ్మ నుంచి గీయదు. కార్ట్రిడ్జులోంచి 48 బైట్లు చదివి గీస్తుంది. తర్వాత వాటిని తన లోపల ఉన్న ప్రతితో పోల్చి చూస్తుంది. తేడా వస్తే అక్కడే ఆపేస్తుంది. అంటే ఆ లోగో ఖర్చు లేని పరీక్ష పరికరం. అవతలి నుంచి ఏమీ రాకపోతే బిట్లన్నీ 1గా చదువుకుంటుంది, తెర మీద నల్ల దిమ్మె పడుతుంది. లోగో కనిపిస్తూనే అక్కడక్కడా చెదిరితే ఒకటో రెండో గీతలు అందడం లేదని అర్థం. దిమ్మె అయితే చాలావరకు కాంటాక్టుల మురికే. చిప్పుని మేల్కొలిపే ఒక్క కాంటాక్టు అందకపోయినా ఇంతే.

టెట్రిస్ మొత్తం 32 కిలోబైట్లు. పెద్ద ఆటల్లో డేటాని భాగాలుగా చూపించడానికి పెట్టే బ్యాంకులు మార్చే చిప్పు లేదు, బ్యాటరీ లేదు. అనుమానించడానికి పెద్దగా ఏమీ లేని బోర్డు. 99 శాతం ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో కాటన్ బడ్ ముంచి కాంటాక్టుల పొడవునా రుద్దితే బడ్ నల్లగా వచ్చింది. నలుపు అంటడం ఆగేదాకా బడ్లు మారుస్తూ పోయాను. ఆరాక లోగో శుభ్రంగా దిగింది, ఆట మొదలైంది.

లోహాల పాలిష్ పెట్టి తళతళలాడించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాంటాక్టు మీద బంగారు పూత చాలా పల్చన, దాని కింద నికెల్, దాని కింద రాగి. పాలిష్‌లో ఉండే గరుకు పదార్థం ఆ పూతనే అరగదీస్తుంది. ఇవాళ మెరుస్తుంది, తర్వాత ఇంకా తొందరగా మసకబారుతుంది. మొండి మరక ఉంటే తెల్ల వినైల్ రబ్బరుతో తేలిగ్గా రెండు రుద్దులు, మళ్ళీ ఆల్కహాల్, అంతే. ఇక నోటితో ఊదడం అందరం చేసిందే. నిజానికి పనిచేసింది ఊపిరి కాదు, తీసి మళ్ళీ పెట్టడం. ఊదితే చేరేది తేమ. ఊదొద్దని నింటెండో కూడా చెప్పింది, ఎవరు విన్నారు కనుక.

ఆదివారం: చుక్కల గీత

ఈ పెట్టెలో నాకు బాగా నచ్చిన కేసు ఇది. పేరున్న ఆట కాదు, లేబుల్ సగం ఊడిపోయిన మామూలు ఎన్‌ఈఎస్ ఆట. లోపల మూడే చిప్పులు: ప్రోగ్రాం ఉన్న రోమ్, బొమ్మలున్న రోమ్, నింటెండో అనుమతి లేని ఆటల్ని అడ్డుకునే లాకౌట్ చిప్పు.

పెడితే ఆట మొదలైంది. సంగీతం బాగుంది, బటన్లు పనిచేస్తున్నాయి, మనిషి పరిగెడుతున్నాడు. కానీ తెర నిండా నిలువుగా సన్నటి చుక్కల గీతలు, ఒకదానికొకటి సమాన దూరంలో. నేల మీద, ఆకాశంలో, అక్షరాల మీద, అన్నిటి మీదా.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించే ముందు కాగితం తీసుకున్నాను. ఎన్‌ఈఎస్ కార్ట్రిడ్జులో రెండు వేర్వేరు దారులుంటాయి. ప్రోగ్రాం రోమ్ ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది, బొమ్మల రోమ్ వీడియో చిప్పుతో మాట్లాడుతుంది. ఆట నడుస్తోంది కాబట్టి మొదటి దారికి ఏ రోగమూ లేదు. లాకౌట్ చిప్పు అందకపోతే కన్సోల్ సెకనుకోసారి రీసెట్ అవుతూ లైటు మిణుకుమిణుకుమంటుంది, అదీ లేదు. మిగిలింది బొమ్మల దారి.

అక్కడ ఒక్కో బొమ్మ ముక్క 8 పిక్సెళ్ళ వెడల్పు, 8 పిక్సెళ్ళ ఎత్తు, మొత్తం 16 బైట్లు. మొదటి 8 బైట్లు ఒక పొర, తర్వాతి 8 రెండో పొర, రెండూ కలిస్తే రంగు. రోమ్‌లో ఎక్కడి బైట్ కావాలో చెప్పే చిరునామా గీతల్లో 0, 1, 2 ముక్కలోని వరసని ఎంచుకుంటాయి. 3వది పొరని ఎంచుకుంటుంది. 4 నుంచి 11 వరకు ఏ ముక్క కావాలో చెప్తాయి. 12వది రెండు పట్టికల్లో ఏదో ఒకటి ఎంచుతుంది. కాబట్టి 0, 1, 2ల్లో ఏది తెగినా ముక్కల్లో వరసలు రెట్టింపై కనిపిస్తాయి. 3వది తెగితే రెండు పొరలూ ఒకటైపోయి రంగులు తగ్గిపోతాయి. 4 నుంచి 11 లోపు ఏది తెగినా ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం, చెట్టు ఉండాల్సిన చోట ఇటుక. నా తెర మీద అవేవీ లేవు. ముక్కలన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి, ప్రతి ముక్కలో ఒకే నిలువు వరస పాడైంది. అంటే తెగింది చిరునామా కాదు, ఆ బైట్‌ని మోసుకొచ్చే డేటా గీత. ప్రతి బైట్‌లో ఒక్కో బిట్ ఒక్కో నిలువు వరస. అందులో 7వ బిట్ ఎడమ చివర, 0వ బిట్ కుడి చివర. తెరకి దగ్గరగా కూర్చుని అక్షరాల మీద లెక్కపెట్టాను. పాడైంది కుడి చివర వరస, కాబట్టి డేటా 0.

మరి గీత నిండుగా కాకుండా చుక్కలు చుక్కలుగా ఎందుకుంది? వీడియో చిప్పు తన చిరునామాలో కింది 8 బిట్లని, డేటాని ఒకే పిన్నుల మీద వంతులవారీగా పంపుతుంది. డేటా రాకపోతే ఆ తీగ మీద కాస్త ముందు తాను పెట్టిన చిరునామా బిట్ మిగిలే ఉంటుంది, దాన్నే డేటా అనుకుని చదువుకుంటుంది. చిరునామా 0వ బిట్ ప్రతి వరసకీ మారుతుంది, అందుకే ఒక వరస వెలిగి ఒక వరస ఆరి చుక్కల గీత. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి ఒకసారి ఇల్లంతా తిరిగొచ్చాను.

మీటర్‌ని బీప్ మీద పెట్టి ఆ కాంటాక్టు నుంచి బొమ్మల రోమ్ కాలికి చూస్తే మౌనం. పక్కవన్నీ బీప్ అంటున్నాయి. భూతద్దంలో చూస్తే కాంటాక్టుకి కాస్త పైన అడ్డంగా ఒక గీరు, స్క్రూడ్రైవర్ మొన జారినట్టుంది. ఆకుపచ్చ పూతని రెండు వైపులా కొద్దిగా గీకి రాగి బయటపెట్టాను. సోల్డర్ బాగా పట్టడానికి ఫ్లక్స్ రాసి, రెండు చివర్లకీ పల్చగా సోల్డర్ పూసి, వెంట్రుకంత ఎనామిల్ వైరు ముక్క అంటించాను. ఎనామిల్‌ని ముందే ఐరన్ మొన మీద సోల్డర్ బొట్టులో కాల్చి తీసేయాలి, లేకపోతే పట్టుకున్నట్టే ఉండి పట్టుకోదు. పైన అతినీలలోహిత కాంతికి గట్టిపడే సోల్డర్ మాస్క్, అంటే రాగిని కప్పే ఆ ఆకుపచ్చ పూత లాంటిది, ఒక చుక్క. అతుకు కాంటాక్టు మీదికి రాకుండా చూసుకోవడం ముఖ్యం. అక్కడ సోల్డర్ గడ్డ ఉంటే కన్సోల్ కనెక్టర్ పిన్నుల్ని విరగ్గొడుతుంది.

చుక్కలు పోయాయి.

మంగళవారం రాత్రి: జెల్డా, ఎవరిదో సేవ్

ఎన్‌ఈఎస్ జెల్డా, అమెరికాలో 1987లో వచ్చినది. ఇది పనిచేస్తూనే ఉంది, కాంటాక్టులు తుడవగానే లేచింది. పైగా అందులో ఎవరో ఆడిన సేవ్ ఇంకా ఉంది, ఆటలో ప్రాణాన్ని చూపించే గుండెలు బోలెడు సంపాదించారు.

లోపల సేవ్ దాచే 8 కిలోబైట్ల ఎస్‌ర్యామ్ (కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీ), దాన్ని బతికిస్తూ సీఆర్2032 అనే బిళ్ళ బ్యాటరీ. మీటర్‌లో 2.9 వోల్టులు చూపించింది. కొత్తది 3.2 పైన చూపిస్తుంది. మామూలుగా ఈ రకం ర్యామ్ జ్ఞాపకం నిలబెట్టుకోవడానికి 2 వోల్టులు చాలు, తాగేదీ అతి తక్కువ. అందుకే ఇన్నేళ్ళు నడిచింది. కానీ ఎప్పుడు పడిపోతుందో చెప్పలేం, మార్చడమే నయం.

బ్యాటరీ తీస్తే సేవ్ పోతుంది. కాబట్టి ముందు ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆధారంగా చేసుకున్న కార్ట్ రీడర్ (కార్ట్రిడ్జులోని డేటాని చదివే పరికరం)తో సేవ్‌ని ఫైలుగా తీసి, రెండోసారి చదివి రెండూ ఒకటేనని సరిచూశాను. పాత బ్యాటరీ ఉండగానే సమాంతరంగా ఇంకో 3 వోల్టులు కలిపి, సేవ్ పోకుండా మార్చేవాళ్ళున్నారు. ఎర్త్ అయిన ఐరన్ మొన తగలకూడని చోట తగిలితే చాలు, ఆ కష్టమంతా వృథా. రీడర్ ఉండగా ఆ టెన్షన్ నాకెందుకు?

బ్యాటరీకి లోహపు చెవులు ఫ్యాక్టరీలోనే స్పాట్ వెల్డ్ చేసి వస్తాయి. కొనేటప్పుడు చెవులున్న బ్యాటరీనే కొనాలి. మామూలు కాయిన్ సెల్ మీద నేరుగా సోల్డర్ చేయకూడదు, లోపల లిథియం ఉంది, వేడికి ఉబ్బి పగలొచ్చు. టేపు వేసి అదిమి పెట్టినవి కూడా చూశాను. కొన్నాళ్ళకి జిగురు జారుతుంది, సేవ్ మాయమవుతుంది, అప్పుడు మళ్ళీ ఆటనే తిట్టుకుంటారు. ఎన్‌ఈఎస్ పెంకులో చోటు బోలెడు కాబట్టి నేను హోల్డర్ పెట్టాను, వచ్చేసారి ఐరన్ అక్కర్లేదు.

నెగెటివ్ వైపు బోర్డులో వెడల్పాటి గ్రౌండ్ రాగికి కలిసి ఉంటుంది, వేడినంతా అదే మింగేస్తుంది. ఐరన్ 340 డిగ్రీల మీద పెట్టి, పాత సోల్డర్‌కి కొంచెం కొత్త సీసం సోల్డర్ కలిపితే చక్కగా కరుగుతుంది. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, పాతదాన్ని కూడా తనతో తీసుకొస్తుంది. లాగి పీకితే మాత్రం ప్యాడ్ ఊడొస్తుంది.

సేవ్ ఫైలు తిరిగి రాశాను. ఎవరివో ఆ గుండెలు అలాగే ఉన్నాయి. ఆపేటప్పుడు రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ తీయమని ఈ ఆట చెప్తుంది, అది మూఢనమ్మకం కాదు. కరెంటు పడిపోతున్న ఆ క్షణంలో ప్రాసెసర్ పిచ్చిగా ఏదైనా ర్యామ్‌లో రాసేయొచ్చు. రీసెట్‌లో ఉంటే రాయలేదు.

బ్యాటరీయే అక్కర్లేకుండా ఎఫ్‌ర్యామ్ పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. కరెంటు లేకున్నా మరిచిపోని మెమరీ, పిన్నుల అమరికా దాదాపు అదే. కానీ ఎఫ్ఎం1808 లాంటి చిప్పులకి ప్రతి చదువుకీ ఎనేబుల్ పిన్ను ఒకసారి పైకెళ్ళి కిందికి దిగాలి, అప్పుడే చిరునామాని పట్టుకుంటాయి. ఆ పిన్నుని కిందే ఉంచేసి చిరునామా మాత్రం మార్చే బోర్డుల్లో ఇవి తప్పుడు డేటా ఇస్తాయి. బోర్డు సర్క్యూట్ చూడకుండా చేసే పని కాదు. పైగా పనిచేస్తున్న అసలు ర్యామ్‌ని పీకడం నాకు మనసొప్పదు.

గురువారం: పోకెమాన్ సిల్వర్

ఇది అందరికీ తెలిసిన జబ్బే. ఆట నడుస్తుంది, సేవ్ నిలవదు. మీటర్‌లో బ్యాటరీ దాదాపు సున్నా.

జెల్డా బ్యాటరీ అన్నేళ్ళు నిలిచి, దానికన్నా చాలా కొత్తదైన ఇది ముందే ఎందుకు పోయింది? ఇందులో గడియారం ఉంది. 32.768 కిలోహెర్ట్జ్ స్ఫటికం ఒకటి బోర్డు మీద రాత్రింబవళ్ళు కంపిస్తూనే ఉంటుంది, ఆ ఖర్చంతా ఈ చిన్న బ్యాటరీదే. గోల్డ్, సిల్వర్, క్రిస్టల్ మూడింటిలోనూ ఉండేది సీఆర్2025. మిగతా గేమ్ బాయ్ ఆటల్లో ఏ సైజు ఉందో తెరిచి చూశాకే కొనాలి, లావు తేడా వస్తే పెంకు మూసుకోదు. హోల్డర్‌కి ఇక్కడ చోటు లేదు, చెవులున్నదే నేరుగా సోల్డర్ చేశాను.

కాపాడటానికి సేవ్ లేదు కనుక పని తొందరగా అయింది. గేమ్ మొదలుపెట్టి, గడియారం సరిచేసి, సేవ్ చేసి, కార్ట్రిడ్జుని కన్సోల్‌లోంచి తీసి బల్ల మీద పెట్టాను. పొద్దున్నకి సేవ్ ఉంది, టైము కూడా సరిగ్గా ఉంది. స్ఫటికం బాగుందన్నమాట. పెంకు లోపల మార్కర్‌తో నెల, సంవత్సరం రాసి మూసేశాను.

శుక్రవారం, శనివారం: నీళ్ళు తాగిన మేరియో

ఇక ఆ నీళ్ళ చార ఉన్నది, సూపర్ మేరియో వరల్డ్. తెరిస్తే కాంటాక్టులకి పైన ఆకుపచ్చని చిలుము, మాస్క్ కింద రాగి పొరలు పొరలుగా లేచి ఉంది. కన్సోల్‌లో నల్ల తెర.

ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి, చిలుము పట్టిన చోట ఫైబర్‌గ్లాస్ పెన్నుతో గీకాను. ఈ పెన్ను రాల్చే నూగు చర్మంలో గుచ్చుకుంటే రోజంతా చురుక్కుమంటుంది, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. గీకాక రాగి గీతలు కొన్ని గులాబీ రంగులో బయటపడ్డాయి, కొన్ని మధ్యలోనే మాయమయ్యాయి.

ఈ ఆట బోర్డుకి మధ్యలో ఉండే 46 కాంటాక్టులే ఉన్నాయి. సూపర్ ఎఫ్ఎక్స్ లాంటి ప్రత్యేక చిప్పుల కోసం ఉంచిన పక్క కాంటాక్టులు అసలే లేవు, అంత మేరకు వెతుకులాట తగ్గింది. కార్ట్ రీడర్‌లో పెట్టి 512 కిలోబైట్లూ చదివించాను. డేటా వచ్చింది, కానీ అది సరైందో కాదో తేల్చే మొత్తం, అంటే చెక్‌సమ్, తప్పు. ఈ కార్ట్రిడ్జుల్లో చెక్‌సమ్‌తో పాటు దాని తిరగేసిన రూపం కూడా ఉంటుంది, రెండూ కూడితే బిట్లన్నీ 1 అవ్వాలి. అవి సరిగ్గానే వచ్చాయి, మిగతా డేటాలోనే తేడా. ఫైలుని ముక్కలుగా పోల్చి చూస్తే పక్కపక్క ముక్కలు జంటలుగా అచ్చం ఒకేలా ఉన్నాయి. చిరునామా గీత ఒకటి ఎటూ మారకుండా బిగుసుకుపోతే వచ్చే గుర్తు ఇదే. ముక్క సైజుని బట్టి ఏ గీతో తేలిపోయింది. మీటర్ కూడా అదే చెప్పింది. ఒక వైరు వేశాను. మళ్ళీ చదివితే చెక్‌సమ్ కలిసింది.

కన్సోల్‌లో పెడితే ఇంకా నల్ల తెరే!

ఇలాంటప్పుడు కంగారులో అతుకులన్నీ మళ్ళీ కరిగిస్తే ఉన్నదీ పోతుంది. రీడర్ పూర్తిగా సరిగ్గా చదువుతోందంటే రోమ్, దాని గీతలు నిర్దోషులు. రీడర్‌కి అక్కర్లేనిది, కన్సోల్‌కి మాత్రం తప్పనిసరి అయినది ఏమిటి? లాకౌట్ చిప్పు. కార్ట్రిడ్జులోని లాకౌట్ చిప్పు కన్సోల్‌లోని జంట చిప్పుతో మాటలు కలపకపోతే కన్సోల్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. దానికి వెళ్ళే నాలుగు గీతల్ని మీటర్‌తో చూస్తే ఒకటి చిలుము కిందే తెగి ఉంది, పైకి మాత్రం నిండుగా కనిపిస్తోంది. రెండో వైరు. ఈసారి మేరియో వచ్చాడు. సేవ్ బ్యాటరీ ఎలాగూ చచ్చింది, పనిలో పనిగా అదీ మార్చేశాను.

గీకిన రాగిని అలా వదిలేస్తే మళ్ళీ చిలుము పడుతుంది. ఫ్లక్స్ పూర్తిగా కడిగి, బయటపడ్డ రాగి మొత్తం మీద మాస్క్ పూశాను. అందంగా లేదు, లోపలిదే కదా.

ఆదివారం: మిగిలినవి

ఒక గేమ్ బాయ్ ఆట చిప్పు మీద వేలితో నొక్కితే నడిచేది, వదిలితే ఆగేది. పిన్నుల దగ్గర సోల్డర్‌లో సన్నటి పగులు. ఫ్లక్స్ రాసి ప్రతి కాలినీ ఒకసారి కరిగిస్తే పోయింది. కాఫీ చల్లారేలోపు అయ్యే పని.

గేమ్ బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ ఒకటి నకిలీ. అసలుదానికి కాంటాక్టుల పైన బోర్డు మీద నింటెండో అని అచ్చు ఉంటుంది, దీనికి లేదు. తెరిస్తే చిప్పు స్థానంలో నల్లటి ఎపాక్సీ ముద్ద. ముద్ద కింద ఏం తెగిందో చూసే దారి లేదు. దీని మీద సమయం పెట్టను, పెంకు మాత్రం పరీక్షలకి పనికొస్తుంది.

చివరిది ఆ బలవంతంగా తెరవబోయిన ఎన్‌ఈఎస్ కార్ట్రిడ్జు. స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగి ఒక కాంటాక్టుని పూర్తిగా లేపేసింది, బోర్డు మీద ఉత్త ఫైబర్ మిగిలింది. వైరుతో అయ్యేది కాదు, ఎందుకంటే కన్సోల్ పిన్ను రాసుకునే చోట చదునైన లోహం ఉండాలి. ఎందుకూ పనికిరాని చచ్చిన బోర్డు నుంచి అదే వెడల్పు కాంటాక్టుని రాగితో సహా కోసి, ఎపాక్సీతో అంటించి, పై చివరని మిగిలిన గీతకి సోల్డర్ చేయాలి. మందం ఏమాత్రం ఎక్కువైనా కనెక్టర్‌కి దెబ్బ. మొన్నటిదాకా అలాంటి చచ్చిన బోర్డు ఎక్కడ దొరుకుతుందా అనుకున్నాను. ఆ నకిలీ పోకెమాన్ బోర్డు పనికొస్తుందేమోనని కొలిచి చూస్తే దాని కాంటాక్టులు దీనికి సరిపోవు, వెడల్పు వేరు. సరైన బోర్డు దొరికేదాకా దీన్ని సంచిలో వేసి, ఏ కాంటాక్టు లేదో పైన రాసిపెట్టాను.